ప్రహరీ గోడ కూలిన ప్రతిసారీ

‘ది వాకింగ్ డెడ్’ను శవాల కథగా ప్రచారం చేసినవాళ్లు పాఠకులను ఘోరంగా మోసం చేశారు. 2003 అక్టోబరు నుంచి 2019 జులై దాకా 193 సంచికలు నడిచిన ఈ కామిక్‌ను మళ్లీ మొదటి నుంచి చదివితే తేలేది ఒక్కటే: ఇది రియల్ ఎస్టేట్ కథ. చచ్చినవాళ్లు లేచి తిరగడం సరే, అసలు టెన్షన్ అంతా నాలుగు పక్కలా ప్రహరీ ఉన్న జాగా కోసమే.

ఆ మాటకొస్తే మొదట్లోనే అనుమానం రావాల్సింది. ఉత్త జాంబీలైతే ఆడవని ప్రచురణకర్తలైన ఇమేజ్ కామిక్స్ వాళ్లు నసిగితే, ఇదంతా గ్రహాంతరవాసుల కుట్రని తర్వాత తేలుతుందంటూ రచయిత రాబర్ట్ కిర్క్‌మన్ అబద్ధం చెప్పి ఒప్పించాడు. ఒక ప్లాన్ చూపించి అనుమతి తెచ్చుకోవడం, ఇంకోటి కట్టడం!

కథానాయకుడు రిక్, అతని బృందం తలదాచుకునే రైతు హర్షెల్ పొలం ఘట్టం పర్వాలేదు. ఆయన చచ్చి లేచిన అయినవాళ్లను కొట్టంలో పెట్టి తాళం వేశాడు, ఎప్పటికైనా నయమవుతుందని. ఆ తర్వాత వాళ్లు చేరిన జైలు ఘట్టం మాత్రం సిరీస్‌కే తలమానికం. ఎత్తైన కంచె, లోపలే సాగు, గదికో తాళం. పక్క ఊరిని ఏలే ‘గవర్నర్’ అనేవాడి కన్నుపడి అంతా పోయింది. ఈ పెద్దమనిషి గాజు తొట్లలో తెగిన తలలు వేసి, ఎదురుగా కూర్చుని టీవీ చూసినట్టు చూస్తుంటాడు. 48వ సంచికలో రిక్ భార్య లోరి, ఆమె చేతుల్లోని పసిబిడ్డ ఒకే కాల్పుకు పోతారు. ఆ పేజీ దగ్గర నాకూ వెటకారం రాదు.

100వ సంచికలో నీగన్ అనే ముఠా నాయకుడు దిగాడు. ముళ్లతీగ చుట్టిన బ్యాటుతో రిక్ బృందంలోని గ్లెన్ తల పగలగొట్టి, మీ సరుకులో సగం నాదన్నాడు. మన కౌలు రైతులకు ఈ లెక్క చెప్పి భయపెట్టడం కష్టం. ఆ తర్వాత 12 సంచికల యుద్ధం శుద్ధ సాగదీత. ఒకరి గేటు మీదికి ఒకరు వెళ్లడం, తిట్టుకోవడం, తిరిగి రావడం. నీగన్ బూతులకు చోటు చాలక చిత్రకారుడు చార్లీ ఆడ్లార్డ్ బొమ్మలు మూలకు జరిగాయి. శవాల తోలు తొడుక్కుని మందతో తిరిగే విస్పరర్స్ అయితే గోడే అక్కర్లేదన్నారు. ఇలాంటివాళ్లకు మార్కులేం వేస్తాం?

చివరి మజిలీ కామన్‌వెల్త్ అనే నగరం. 50 వేల జనాభా. కొత్తగా వచ్చినవాళ్లను అడిగే ప్రశ్న, ‘లోకం మునగక ముందు ఏం ఉద్యోగం?’ లాయరని చెప్పగానే రిక్ బృందంలోని మిషోన్‌కు మర్యాద పెరిగింది. మనుషులు చచ్చారు గానీ బయోడేటా చావలేదు. ఇన్ని మందలను, ఇంతమంది రాక్షసులను దాటొచ్చిన రిక్‌ను 192వ సంచికలో కాల్చి చంపిందెవరు? కామన్‌వెల్త్ గవర్నర్ పమేలా మిల్టన్ గారి అబ్బాయి. నాయకుల పుత్రరత్నాలను చూసి చూసి అలిసిపోయిన మనకు సిరీస్ మొత్తంలో ఇంతకంటే నమ్మదగిన సంఘటన దొరకదు.

ఆ తర్వాతి సంచికతో చెప్పాపెట్టకుండా దుకాణం కట్టేశారు. ఎవరికీ అనుమానం రాకుండా, రాబోయే సంచికలంటూ దొంగ ముఖచిత్రాలు కూడా ముందే వదిలారు. ఆఖరి కథలో లోకం కుదుటపడింది, శవాలు కనబడటమే అరుదైపోయింది. గ్లెన్ భార్య మ్యాగీ కొడుకు వాటిని ఊరూరా తిప్పి ప్రదర్శన పెడుతుంటే, రిక్ కొడుకు కార్ల్ వాటిని నరికేసి కోర్టు మెట్లెక్కాడు. నేరం? పరుల ఆస్తి ధ్వంసం.