మెత్తగా ఉంటే మొత్తబుద్ధి

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయించారు. చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు బోరు దించినా నీళ్లు పడని రైతుకు ఆ అంకె చెబితే, ‘అందులో ఒక్క పిసరు మా చెరువుకిస్తే చాలదా’ అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. దాన్ని దేశద్రోహమని కొట్టిపారేయడం తప్పు. కానీ ఆ రైతుకు ఓపిగ్గా చెప్పాల్సిన జవాబు కూడా ఉంది. అది 1962 నుంచి మొదలుపెట్టాలి.

1954లో చైనాతో పంచశీల ఒప్పందం చేసుకున్నాం. ఒకరి భూభాగాన్ని ఒకరు గౌరవించాలన్నది అందులో మొదటి సూత్రం. దాన్ని మనం నమ్మాం, సైన్యం అవసరాలను వెనక్కి నెట్టాం. 1962 అక్టోబరు 20న చైనా విరుచుకుపడే నాటికి మన జవాన్లలో చాలామంది చేతుల్లో పాత పాయింట్ 303 రైఫిళ్లే ఉన్నాయి. మంచు కొండల మీదికి చలి బట్టలు కూడా సరిగ్గా ఇవ్వకుండా పంపాం. ధైర్యం లేక ఓడిపోలేదు. లద్దాఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీలో 120 మంది ఉంటే వంద మందికి పైగా ప్రాణాలిచ్చారు. వాళ్లకు లేనిది సరంజామా. అది ఢిల్లీ చేసిన తప్పు.

అయితే యుద్ధం సాగుతుండగానే నవంబరు 8న పార్లమెంటు సమావేశమైంది. సభ్యులు ప్రధానిని ముఖం మీదే నిలదీశారు. రక్షణమంత్రి కృష్ణమీనన్ అప్పటికే పదవి వదులుకోవాల్సి వచ్చింది. అవతల, అంతకు కొద్ది కాలం ముందే కోట్లాది మంది సొంత ప్రజలు కరవులో చనిపోయినా మావోను పదవి దిగమన్న వాళ్లు లేరు. తేడా ఇక్కడే ఉంది. సొంత జనం చావుకే లెక్క చెప్పనక్కర్లేని పాలకుడు పొరుగువాడి చావుకు జంకుతాడా? అతను లెక్కచూసేది ఒక్కటే, దాడి చేస్తే తనకెంత నష్టమని. 1967లో సిక్కిం సరిహద్దులోని నాథూ లా దగ్గర అదే చైనా కాల్పులకు దిగింది. ఈసారి మన ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. దెబ్బ తిని వెనక్కి తగ్గింది.

ఉక్రెయిన్ కథ ఇంకా బాధాకరం. తన భూమి మీద మిగిలిన సోవియట్ అణ్వాయుధాలను వదులుకుంటానని 1994లో ఒప్పుకుంది. బదులుగా దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ సంతకాలు చేశాయి. 2014లో క్రిమియా పోయింది. 2022 ఫిబ్రవరి 24న ట్యాంకులు కీవ్ వైపు కదిలాయి. కీవ్ పక్కనున్న బుచా వీధుల్లో శవాలను ప్రపంచమంతా చూసింది. పక్కనే రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దున్న ఫిన్లాండ్, యువకులకు నిర్బంధ సైనిక శిక్షణ ఎన్నడూ ఆపని దేశం, మరుసటి ఏడాదే నాటోలో చేరింది.

సైన్యం పెంచితే అదే ప్రజాస్వామ్యాన్ని మింగదా అని అడిగేవాళ్లున్నారు. పాకిస్తాన్‌లో, 2021లో మయన్మార్‌లో అలాగే జరిగింది. ఆ భయం నిజమైనదే. కానీ 1971 చూడండి. తూర్పు పాకిస్తాన్‌లో యాహ్యాఖాన్ సైన్యం సాగించిన మారణకాండకు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చిపడ్డారు. ఇందిర దేశదేశాలు తిరిగి చెప్పినా హత్యలు ఆగలేదు. నెలల తరబడి తయారైన మన సైన్యం 13 రోజుల్లో ఆపింది. తూర్పు రంగంలో గూర్ఖా బెటాలియన్‌ను నడిపించి మహావీర చక్ర అందుకున్న చిత్తూరు వేణుగోపాల్ తర్వాత మేజర్ జనరల్‌గా రిటైరై మన తిరుపతిలోనే స్థిరపడ్డారు. గెలిచిన ఆ సైన్యం 1972 మార్చికల్లా ఢాకా విడిచి వచ్చేసింది. గెలిచిన నేలను వదిలి, ప్రభుత్వం చెప్పగానే బారక్‌లకు తిరిగొచ్చింది. నేను కోరే బలం అలాంటిది.

ఆ బలం తుపాకుల్లోనే ఉండదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచే వాయుసేన వాడే సమాచార ఉపగ్రహం జీశాట్-7ఏ 2018లో కక్ష్యలోకి వెళ్లింది. తెల్లవారుజామున చిత్తూరు మెసానికల్ మైదానానికి వెళ్తే ఆర్మీ సెలక్షన్ల కోసం 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు కనబడతారు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒకడు కేకలేస్తుంటే మిగతావాళ్లు ఒట్టి కాళ్లతో చుట్లు కొడుతుంటారు. అగ్నివీర్‌గా చేరితే నాలుగేళ్ల తర్వాత వీళ్లలో రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది పాతిక శాతం వరకే. మిగతావాళ్ల టెన్షన్ ఎవరికి పట్టింది?

1962 ఓటమిపై సైన్యాధికారి హెండర్సన్ బ్రూక్స్ ఇచ్చిన నివేదికను అరవై ఏళ్లు దాటినా ప్రభుత్వం బయటపెట్టలేదు. రక్షణ పద్దులు చాలాసార్లు లోక్‌సభలో చర్చ లేకుండానే పాసైపోతున్నాయి. చెరువుకు నీళ్లడిగే రైతు తన పన్నుతో ఏ ఆయుధం కొన్నారో, అది సమయానికి జవాను చేతికి అందిందో లేదో కూడా అడగాలి. ఆ ప్రశ్నను సభలో వినిపించడం తిరుపతి, చిత్తూరు ఎంపీల బాధ్యత.