తాళం మరచిన టీచర్

మూడు నాలుగేళ్ల పిల్లల తరగతిలో సామాన్లు ఎవరి కోసం సర్దాలి? ఇదీ ఒక ప్రశ్నేనా! తనిఖీకి వచ్చేవాళ్ల కోసం. పిల్లలు రోజూ వచ్చేవాళ్లే, ఇంటి మనుషుల్లాంటివాళ్లు. తనిఖీ వాళ్లు ఏడాదికోసారి వస్తారు. అతిథి మర్యాదంటూ ఒకటి ఏడిచింది కదా.

అందుకే మా గది నేనే సర్దాను. పజిళ్లు పై అరలో, పూసలు కింది అరలో, మొత్తానికి ఒకటే తాళం. ప్రతి డబ్బాకీ గుండ్రటి అక్షరాలతో చీటీ: 'వర్గీకరణ సామగ్రి'. చదవడం రాని పిల్లలకు ఈ చీటీ ఎందుకండీ అని కొత్త టీచరమ్మ అడిగింది. ఫొటో పెట్టాలట, పక్కనే ఆ వస్తువే ఒకటి అంటించాలట. చూపు సరిగా లేని పాప తడిమి తెలుసుకుంటుందట. పోనీ రంగుల చుక్కలు పెడదామన్నాను. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని పిల్లలుంటారు, అందులోనూ మగపిల్లలే ఎక్కువ అంది. ఎడమచేతి వాళ్లకు వేరే కత్తెర కావాలని కూడా అంది. అప్పటికి నాకు తలనొప్పి మొదలైంది.

మాకు ఎవరిమీదా చిన్నచూపు లేదు. అడిగిన ప్రతి పిల్లకీ తాళం తీసి ఇస్తాం. మాటలు రాని ఒక పిల్లాడు జూన్ నుంచి ఏమీ అడగలేదు. వాడికి ఏ లోటూ లేదని రిజిస్టర్లో రాసుకున్నాం.

అసలు ఈ గొడవంతా రోమ్‌లో మొదలైంది. 1907లో మరియా మాంటిస్సోరి అక్కడ పిల్లల కోసం ఒక బడి తెరిచింది. సామాన్లన్నీ బీరువాలో, బీరువాకు తాళం. అంతవరకు ఆదర్శమే. ఒకరోజు టీచర్ ఆలస్యంగా వచ్చింది, ముందురోజు తాళం వేయడం మరచిపోయింది. వచ్చి చూస్తే పిల్లలు బీరువా తెరిచి కావలసినవి తీసుకున్నారు. దొంగతనం అంది టీచర్. కాదు, ఎంచుకోవడం అంది మాంటిస్సోరి. అందరికీ అందేలా పొట్టి బీరువాలు పెట్టించింది. ఒక్క మతిమరుపు, నూరేళ్లు దాటినా మనకు టెన్షన్!

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొన్న శుక్రవారం ఆ మతిమరుపు నాకూ వచ్చింది. టీ తాగి వచ్చేసరికి ఆ మాటలు రాని పిల్లాడు పూసల డబ్బా ముందేసుకుని చాపమీద కూర్చున్నాడు. నీలం పూసలే ఏరి దారానికి ఎక్కిస్తున్నాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పావుగంట తర్వాత అన్నీ డబ్బాలో పోసి, మూత పెట్టి, తెచ్చి అదే అరలో పెట్టాడు. ఒక్క క్షణం చూసి, డబ్బాను అటు తిప్పాడు. నా చీటీ వెనక గోడవైపు పోయింది. పారదర్శకమైన డబ్బా కదా, ముందువైపు పూసలు కనబడ్డాయి.

డబ్బాను మళ్లీ ఇటు తిప్పి తాళం వేశాను. సోమవారం తనిఖీ ఉంది.