ఐదొందల నోటు గారికి ఒక లెక్కల పంతులు మనవి

ఐదొందల నోటు గారికి నమస్కారం.

నేను సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇన్నేళ్ల సర్వీసులో నేను సాధించలేనిది మీరు ఒక్క రాత్రిలో సాధిస్తున్నారు. మీరు పిలిస్తే మా పదో తరగతి మగపిల్లలు చెప్పిన టైముకి వస్తారు, కూర్చోమన్నా కూర్చోరు, ఎవరు తిట్టినా ఎదురు మాట్లాడరు. మా బడిలో ఇలాంటి క్రమశిక్షణ నేనెప్పుడూ చూడలేదు.

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర మూడో పంక్తి. తలకి ప్లాస్టిక్ టోపీ, చేతులకి గ్లౌజులు, ఒంటికి రెండు సైజులు పెద్ద నల్ల చొక్కా. "సార్, బగారా ఎయ్యాలా?" తలెత్తితే మా 'బి' సెక్షన్ పిల్లాడు. వాడు తడబడలేదు, నేనే తడబడ్డాను. ముందు ముప్పై విస్తళ్లు, చేతిలో ఒక్కటే బకెట్. ఎవరికెంత వేస్తే చివరిదాకా సరిపోతుందో వాడికి తెలుసు. నిష్పత్తులు రావడం లేదని ఆ వారమే నేను క్లాసు బయట నిలబెట్టింది వీణ్ణే. నాకు చికెన్ రెండు ముక్కలు ఎక్కువే వేశాడు. ఏమీ అనకుండా తిని, చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు రెండో పీరియడ్‌కి వచ్చి బెంచీ మీద తల వాల్చేశాడు. "గిన్నెలు ఎత్తేసరికి రాత్రి రెండైంది సార్." ఎంతిచ్చారంటే మిమ్మల్నే తీసి చూపించాడు, నాలుగు మడతలుగా. వెనక్కి తిప్పి, తెలుగులో ఏం రాసుందో చదవమన్నాను. పదిహేను భాషల వరసలో మన తెలుగు కింద నుంచి రెండోది. వేలు పెట్టి వెతికాడు, కూడబలుక్కున్నాడు, విసుగొచ్చి "ముందట ఐదొందలని ఉండనే ఉంది కద సార్" అన్నాడు. ఈ పాపం మీది కాదులెండి. వాడిని ఒక్కో తరగతీ ఎక్కిస్తూ ఇక్కడిదాకా తోసిన చేతుల్లో నాదీ ఉంది.

మీ మీద బొమ్మగా ఉన్న గాంధీ గారు 1937లో వార్ధాలో, చదువు చేతిపనితో కలిసి రావాలన్నారు. మీరు చేతిపని తీసుకుని చదువు మాకు వదిలేశారు.

2025 పదో తరగతి ఫలితాలు చూడండి. తెలంగాణలో ఆడపిల్లలు 94.26 శాతం పాసైతే మగపిల్లలు 91.32. ఆంధ్రలో 84.09కి 78.31. ఇదంతా పరీక్షకు కూర్చున్న వాళ్ల లెక్క. తొమ్మిదిలోనే మీ వెంట సెంట్రింగు పనికో, మెకానిక్ షెడ్డుకో వచ్చేసిన వాళ్లు ఇందులో లేరు. మగపిల్లలకు పొగరెక్కువ, అందుకే ఇలా అని మా స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ తేల్చేస్తాం. నాకు వడ్డించిన ఆ పిల్లాడి చెల్లెలు ఎనిమిదిలో ఉంది. ఆ పిల్లకి ఇంట్లో అంట్లు తప్పవు. కాకపోతే పొద్దుగూకాక గడప దాటనివ్వరు కాబట్టి అంట్లయ్యాక పుస్తకం తీస్తుంది. (అదో చెర, అది వేరే లేఖ.) వీణ్ణి మాత్రం అడిగేవాళ్లు లేరు. రాత్రి పదింటికి ఉత్తచేతులతో వస్తే "మగపిల్లాడు, తిరుగుతాడు". రెండింటికి మిమ్మల్ని పట్టుకొస్తే "కొడుకు చేతికందొచ్చాడు".

తండ్రికి అడ్డా మీద వారంలో మూడు రోజులే పని. ఆ ఇంట్లో మీ ముందు నేను చెప్పే పదేళ్ల తర్వాతి ఉద్యోగం ఏం నిలుస్తుంది? ఆ వీధిలోనే డిగ్రీ పాసైన ఒకతను బండి మీద డెలివరీలు చేస్తున్నాడు. "చదివి ఆ అన్న ఏం చేస్తుండు సార్?" అని వీడు అడిగిన రోజు నేను బోర్డు వైపు తిరిగి తేదీ రాశాను.

చట్టం కూడా మీకు మర్యాదగా దారిచ్చింది. 2009 విద్యాహక్కు పద్నాలుగేళ్ల దాకానే. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగు నిండితే ప్రమాదం లేని పనుల్లో పెట్టుకోవచ్చు. మేం చెయ్యి వదిలిన పుట్టినరోజు నాడే మీరు పట్టుకుంటారు. ఆ వయసు పిల్లలతో రాత్రి ఏడు దాటాక పని చేయించొద్దని కూడా అదే చట్టంలో ఉంది. ముహూర్తాలేమో అర్ధరాత్రి పన్నెండున్నరకి!

ఇక మనవి. మార్చిలో లెక్కల పరీక్షకి ముందు రాత్రే ఒక పెద్ద పెళ్లి ఉందట, వాడికి అప్పుడే కబురొచ్చింది. దయచేసి ఆ ఒక్క రాత్రి మీరు ఇంకెవరి జేబులోకైనా వెళ్లండి. పరీక్షయిన సాయంత్రం ఇంకో పెళ్లి ఉందంటున్నారు, దానికి కావాలంటే నేనే బండి మీద దింపుతాను.

ఇట్లు,
మూడో పంక్తిలో రెండు ముక్కలు ఎక్కువ తిన్న
లెక్కల పంతులు