తేలు వస్తువులు, మునుగు వస్తువులు, మా తోడికోడలు

మా చిన్నదానికి ఇవాళ స్కూల్లో సైన్సు హోంవర్క్ కాగితం ఇచ్చారు. పైన పెద్దక్షరాలతో "నీటిపై తేలు వస్తువులు, మునుగు వస్తువులు". పక్కనే బొమ్మ. ఏం బొమ్మ అనుకున్నారు? తేలు! ఎనిమిది కాళ్లు, రెండు డెక్కలు, పైకి లేపిన కొండి, అంతా చక్కగా వేశారు. నీళ్ల మీద వెల్లకిలా పడుకుని నవ్వుతోంది. తేలుకి నవ్వేంటండీ అసలు?

"అమ్మా, తేలు వస్తువులంటే తేలు ఇంట్లో ఉండే సామాన్లా?" అంది నా కూతురు. దాని తప్పేముంది?

బొమ్మ ఏ మనిషీ వేసి ఉండడు. ఎవరో మాటలు టైపు చేస్తే కంప్యూటర్ గీసి పారేసుంటుంది. పారు నీరు, ఎగురు పక్షి, తేలు వస్తువు. ఇది తెలియాలంటే పండితుడై పుట్టక్కర్లేదు, తెలుగు ఇంట్లో పెరిగితే చాలు. పోనీ, యంత్రానికి తెలియదు సరే. ప్రింటు తీసి పిల్లల చేతికిచ్చినవాళ్లకి కళ్లు లేవా? తేలు మంత్రం తెలియనివాడు పాము పుట్టలో చెయ్యి పెట్టాడట. ఇక్కడ తేలంటేనే తెలియనివాళ్లు సైన్సు చెప్తున్నారు.

ఒక్క మాట మీద ఎన్ని బరువులు వేశామో చూడండి. చెక్క నీళ్లలో తేలుతుంది. నేరం విచారణలో తేలుతుంది. ఆస్తి తగాదా మాత్రం ఎన్నాళ్లకీ తేలదు. పైగా తేలు కుడుతుంది, దర్జీ కూడా కుడతాడు. రేపు "కుట్టు పని" అని పాఠం పెడితే అక్కడా ఇదే బొమ్మ దిగుతుంది, రాసిపెట్టుకోండి.

అన్నట్టు నిజంగా నీళ్లలో బతికే నీటితేలు అని ఒకటుంది. అది తేలే కాదు, నల్లి జాతి పురుగు. వెనక తోకలా కనబడేది ఊపిరి పీల్చే గొట్టం. మన నౌకాదళంలో కొన్ని జలాంతర్గాములదేమో స్కార్పీన్ రకం. అది ముళ్లలో విషముండే చేప పేరట. తేలు చేప. దాని పేరు పెట్టుకున్న ఓడ పనే మునగడం. ఈ బొమ్మ గీసినదానికి ఇదంతా చెప్తే పిచ్చెక్కిపోతుంది.

సరే, నవ్వుకుంటారని ఆ కాగితం ఫోటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టా. నిమిషం కాలేదు, మా పెద్ద తోడికోడలి మెసేజ్: "నీ ఫోటో బాగా వచ్చిందే!" కింద మూడు నవ్వు బొమ్మలు.

పదకొండేళ్ల నుంచీ ఇదే పాట. నేను నవంబరు మొదటి వారంలో పుట్టా కాబట్టి వృశ్చికమట. ఉప్పు తక్కువైందంటే వృశ్చికం. ఫోనెత్తకపోతే వృశ్చికం. అక్కా, నువ్వు చదివే ఆ ఫోన్ జాతకం పాశ్చాత్యులది. మన పంచాంగంలో సూర్యుడు వృశ్చికంలోకి వచ్చేసరికి నవంబరు సగమవుతుంది. అప్పటిదాకా తులే. అసలు మనం రాశి అనేది చంద్రుణ్ణి బట్టి, నాది మీనం. ఇంకా చెప్పాలంటే, ఆకాశంలో ఆ నక్షత్రమండలం హద్దుల్లో సూర్యుడుండేది నవంబరు చివర్లో ఓ వారం, అంతే. ఎటు చూసినా నేను తేలుని కాను. ఇదంతా రెండేళ్ల కిందట ఓ పెళ్లిలో పూసగుచ్చినట్టు చెప్తే ఏమందో తెలుసా? "చూశారా, ఎలా కుడుతోందో!"

మరి వాళ్లాయన కొన్న బండి పేరేంటండీ? స్కార్పియో! దాని పక్కన నిలబడి డీపీ కూడా మార్చింది. బండికైతే ముద్దు, తోటికోడలికైతే తిట్టు.

తేలు పిల్లలు తల్లిని తినేస్తాయని కూడా తనే చెప్పింది, నా కడుపులో ఇది ఉన్నప్పుడు. అబద్ధం. తేలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. అవి తొలిసారి కుబుసం విడిచేదాకా వీపు మీదే మోస్తుంది. ఆ రోజు నాకిది తెలియక, రాత్రి మా ఆయన దగ్గర కూర్చుని ఏడ్చాను. తెలిసుంటే అక్కడే అనేసేదాన్ని.

గ్రూపులో ఇరవై ముగ్గురున్నారు. అందరూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరు నోరు మెదిపితే ఒట్టు, తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. మా ఆయనైతే నా పక్కనే కూర్చుని ఫోన్ బోర్లా పెట్టేశాడు.

హోంవర్క్ ఇంకా అవలేదు. రాయి, ఆకు, చెంచా, సీసా మూత రాసింది. తేలుని "మునుగు వస్తువులు" గడిలో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, నా మొహం చూస్తోంది.