బిజినెస్ మోడల్ కాన్వాస్ గారికి విశాఖ నుంచి ఒక ఉత్తరం

అయ్యా తొమ్మిది గళ్ళ కాన్వాస్ గారూ,

నమస్కారం. మా బీటెక్ మూడో ఏడాది పిల్లలకి ఆంట్రప్రెన్యూర్‌షిప్ చెప్పమని సబ్జెక్టు నాకు అప్పగించారు, అంటే ఈ సెమిస్టర్‌లో నాకు క్లాసులు తక్కువ పడ్డాయన్నమాట. జీవితంలో అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరగనివాణ్ణి, ఏం చెబుతానని జంకాను గానీ, మీరున్నారుగా! ఏం అమ్ముతాం, ఎవరికి, డబ్బెలా వస్తుంది అని వ్యాపారం మొత్తాన్ని ఒక్క కాగితం మీద తొమ్మిది గళ్ళలో రాసుకునే పటం మీరు. ప్రింట్ తీసి పంచితే గంటలో గళ్ళన్నీ నిండుతాయి, గంటన్నరలో కంపెనీ పుడుతుంది.

మొన్న ఐడియా పోటీలో మొదటి బహుమతి చేపలెక్కడున్నాయో చెప్పే యాప్‌కి వచ్చింది. కస్టమర్ల గడిలో 'భారతదేశంలోని మత్స్యకారులందరూ' అని రాశారు, ఆదాయం గడిలో నెలకి 199 రూపాయల చందా. ఫిషింగ్ హార్బర్ ఈ ఊళ్ళోనే ఉంది కదా, తెల్లవారుజామున వెళితే అడిగినన్ని మాటలు చెప్పేవాళ్ళు దొరుకుతారు కదా, ఒక్కడూ వెళ్ళలేదు. వెళ్ళుంటే ఏ పడవ సరంగో చెప్పేవాడు: హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహాలతో సముద్రపు వేడి, నీళ్ళలో క్లోరోఫిల్ చూసి చేపలు ఎటు దొరకొచ్చో ఏళ్ళుగా ఉచితంగానే చెబుతున్నారు బాబూ అని. జడ్జీలు మాత్రం 'స్కేల్ ఎలా చేస్తారు?' అని అడిగారు. చప్పట్లు, మెమెంటో, జియోట్యాగ్‌తో గ్రూప్ ఫోటో. ఫోటో, కాలేజీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్ళకి చూపించే ఫైల్లోకి వెళ్ళింది, కంపెనీ అక్కడితో మూతపడింది.

మీ తప్పేం లేదులెండి. మిమ్మల్ని తయారుచేసిన ఆస్టర్‌వాల్డర్ గారు గళ్ళలో రాసేవి ఊహలే, బయటికెళ్ళి సరిచూసుకోండి అనే చెబుతారు. అమెరికాలో 2011లో మొదలైన, పరిశోధనని వ్యాపారంగా మార్చడం నేర్పే ఐ-కోర్ కార్యక్రమంలో శాస్త్రవేత్తలకీ ఇంజనీర్లకీ పాఠం మీరే. కాకపోతే కొన్ని వారాల్లో వందమంది దాకా కస్టమర్లతో మాట్లాడి రావాలి. మా దగ్గర ఆ వంద కాస్తా అటెండెన్స్ శాతంగా మారింది. ల్యాబ్‌లో ఒక్క రీడింగ్ చూసి గ్రాఫ్ గీస్తే రికార్డు మొహాన కొట్టే మేమే, ఇక్కడ అసలు రీడింగే లేని గ్రాఫుకి బహుమతి ఇస్తున్నాం!

ఒక అనుమానం, ఏమనుకోకండి. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ ఈ ఊళ్ళో షిప్‌యార్డ్ మొదలుపెట్టాడు, మరుసటి ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి, మొదటి ఓడ 'జల ఉష' నీళ్ళలోకి దిగేసరికి 1948 అయింది, ఆ తర్వాత యార్డే ప్రభుత్వపరమైంది. ఈ బాంబుల్ని మీ తొమ్మిదిట్లో ఏ గడిలో రాయాలండీ? పోటీదారుడికే ఒక గడి లేదు మీ దగ్గర, ఇక బాంబుకెక్కడిది.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్నాయన మిమ్మల్ని చూసి ఉండడు. కానీ కొటేషన్ రాయడం, అడ్వాన్స్ అడగడం, సరుకు వెనక్కొస్తే మొహం మాడ్చుకోకుండా సరిచేయడం ఆయనకొచ్చు. చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోందనీ తెలుసు, ఆ చట్టాన్ని గట్టిగా గుర్తుచేస్తే వచ్చే ఆర్డర్ పోతుందనీ తెలుసు. మా ఫైనలియర్ పిల్లాడు 'వేల్యూ ప్రపొజిషన్' అనే మీ గడి మీద, అంటే కొనేవాడికి ఒరిగేదేమిటన్న దాని మీద, పదినిమిషాలు ఆగకుండా మాట్లాడతాడు, వాడు చేసిన ప్రాజెక్టులో బేరింగ్ ఖరీదెంతరా అంటే మాత్రం గూగుల్ తీస్తాడు.

అందుకని ఈసారి మిడ్ పేపర్లో 'కాన్వాస్ పటం గీసి భాగాలను గుర్తించుము' అన్న పది మార్కుల ప్రశ్న తీసేశాను. దాని బదులు, తెలియని మనిషికి ఏదో ఒకటి, కనీసం యాభై రూపాయలదైనా అమ్మి, కొన్నవాడు ఏమన్నాడో రాయమన్నాను. హెచ్ఓడీ గారు పిలిచి పేపరు వెనక్కిచ్చారు.

"ప్రశ్న బాగానే ఉంది మాస్టారూ, కానీ ఎవరూ కొనకపోతే ఎన్ని మార్కులో స్కీమ్‌లో రాయలేదే?"

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ లెక్చరర్, విశాఖపట్నం