అంతా చదునే కదా అన్నవాళ్లకు

మా సైకిల్ గ్రూపులో ఒకాయన యాప్‌లో నా రైడ్ చూసి "మొత్తం చదునే కదా అన్నా, ఇందులో ఏముంది?" అన్నాడు. ఆయన అంతకుముందు వారమే అనంతగిరి ఎక్కొచ్చాడులెండి. ఎన్ని మీటర్లు ఎక్కామన్నదే వీళ్ల లెక్క. ఎక్కినంత దూరం దిగుడు కూడా ఉంటుందనీ, అక్కడ కాళ్లు కదపక్కర్లేదనీ ఎవరూ చెప్పరు.

మాది మహారాష్ట్రలోని ధర్మాబాద్. 1956లో రాష్ట్రాలు పంచినప్పుడు మరాఠీ వైపు మిగిలిపోయిన తెలుగు ఇళ్లలో మాదొకటి. జులై మొదటి వారంలో కుండల్‌వాడి, బిలోలి, నర్సీ మీదుగా దెగ్లూర్‌లో ఉన్న పెద్దమ్మ ఇంటికి బయల్దేరాను. మా దగ్గర గోదావరి మీదున్న బాబ్లీ బ్యారేజీ గేట్లు అప్పటికే ఎత్తేశారు. జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తే ఉంచాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. గేట్లు లేచాయంటే మాకు ఇంకో అర్థం కూడా ఉంది, పడమటి గాలి ముదిరిందని.

బిలోలి నుంచి నర్సీ దాకా నేను పోయేది ఆ పడమరకే.

చదును నేల మీద బరువు మిమ్మల్ని పెద్దగా ఆపదు, ఆపేది గాలే. ముఖానికి తగిలే గాలి వేగం రెట్టింపైతే అది వెనక్కి తోసే బలం నాలుగింతలవుతుంది. చుట్టూ నల్లరేగడి, అప్పుడే రెండాకులేసిన సోయా, పత్తి. మోకాలెత్తు అడ్డం కూడా లేదు. ఘాట్‌లో అయితే లేచి నిలబడి తొక్కుతాం, మలుపులో ఊపిరి తీసుకుంటాం. ఇక్కడ గంటలకొద్దీ ఒకటే కూర్చోవడం, ఒకటే తొక్కడం. చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, సీటు సంగతి చెప్పను. అన్నిటికంటే ఏడిపించేది ముందూరి నీళ్ల ట్యాంకు. ఎంత తొక్కినా అదే దూరంలో, అదే సైజులో ఉంటుంది. కొండ మీద కనీసం మలుపు దాచిపెడుతుంది.

మధ్యలో ఒక తుమ్మచెట్టు కింద ఆగుదామని రోడ్డు దిగాను. బుద్ధి తక్కువ పని. రాత్రి వాన పడింది. పది అడుగుల్లో రేగడి చక్రాలకు పట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుంది, సైకిల్ కదిలితే ఒట్టు. పుల్లతో గీకుతూ కూర్చున్నాను. పైగా టైరుకు తుమ్మముల్లు.

పంచర్ వేసుకుంటుంటే ఒక పెద్దాయన పాత సైకిల్ మీద, వెనక గడ్డిమోపుతో, గాలివాటున హాయిగా వచ్చి ఆగాడు. "గాలికెదురు పోతున్నవా బిడ్డా? జర ఆగు. పొద్దు వాలితే గాలి పండుకుంటది." యాప్‌లు చూసి, గేర్లు లెక్కపెట్టి బయల్దేరిన నాకు ఈ ముక్క తట్టలేదు. ఆయన సైకిల్‌కు గేర్లే లేవు. ఏ గాలికి ఏ పని పెట్టుకోవాలో ఆయనకు తెలుసు, అంతే. మన లీడర్‌బోర్డుల్లో ఇలాంటివాళ్ల పేర్లు ఎందుకుండవో ఎవరైనా చెప్పండి.

ఆయన మాట వినలేదు, తొందర. నర్సీ దగ్గర దక్షిణానికి తిరిగాక గాలి కుడిపక్కకు మారింది. హమ్మయ్య అనుకున్నాను కానీ హైవేలో ఇది ఇంకా టెన్షన్. గాలికి ఒరిగి తొక్కుతుంటాం కదా, లారీ పక్కకు రాగానే గాలి ఒక్కసారి ఆగి సైకిల్ దానివైపే లాగుతుంది. లారీ దాటగానే గాలి తన్ని మట్టిలోకి తోస్తుంది. రెండుసార్లు దిగి నిలబడ్డాను, సిగ్గేమీ లేదు.

నిజంగానే పొద్దు వాలాక గాలి పడిపోయింది. అప్పటికి దెగ్లూర్ దీపాలు కనిపిస్తున్నాయి.

పెద్దమ్మ జొన్నరొట్టె, పిట్లా (శనగపిండి కూర) పెడుతూ సైకిల్ వైపు చూసి అడిగింది: "బస్సుకు పైసలు లేవా బిడ్డా?" యాప్ తెరిస్తే దూరం బాగానే ఉంది. ఎక్కిన ఎత్తు అన్నచోట చెప్పుకోదగ్గ అంకె లేదు.

తెల్లారి పెద్దమ్మ కంటే ముందే లేచి వాకిట్లో నిలబడి, గాలి ఎటు వీస్తుందో చూశాను.