ఉసిరి మొక్క వనవాసం

"ఈజీ వాక్ అండీ. స్టేషన్ టు స్టేషన్. పిల్లలూ పెద్దలూ అందరూ రావచ్చు."

కార్తీక మాసం రాగానే మా సిడ్నీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పడిన మెసేజ్ ఇది. కింద వరసగా దండాలు, పూలగుత్తులు, నాలుగు "సూపర్ అన్నా"లు. అందులో అంతా అబద్ధమేనని నేననను. స్టేషన్ల సంగతి నిజం. రెండు స్టేషన్లూ ఉన్నాయి, కళ్ళారా చూశాను. వాటి మధ్య ఏముందో చెప్పకపోవడంలోనే ఆ మెసేజ్ రాసినవారి శిల్పం ఉంది.

సిడ్నీకి పడమట ఉన్న బ్లూ మౌంటైన్స్ కొండల వైపు రైలెక్కితే స్ప్రింగ్‌వుడ్ తర్వాతి స్టేషన్ ఫాల్కన్‌బ్రిడ్జ్. మధ్యలో నాలుగైదు నిమిషాలు. కార్యక్రమం ఏమిటంటే, స్ప్రింగ్‌వుడ్ వచ్చినప్పుడు దిగకుండా బిగుసుకు కూర్చోవాలి. ఫాల్కన్‌బ్రిడ్జ్‌లో దిగాలి. అక్కణ్ణుంచి లోయలోకి దిగి, వాగుల వెంట పొద్దంతా నడిచి, మళ్ళీ స్ప్రింగ్‌వుడ్ చేరాలి. మా నాయనమ్మ ఉంటే "దిగాల్సిన చోట దిగితే పోయేదిగా" అని ఒక్క మాటతో సభ ముగించేది. ఆవిడకి వాట్సాప్ లేదు కాబట్టి మేం ముప్పై మందిమి బయల్దేరాం.

చరిత్ర కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మా సంఘం అధ్యక్షులవారు చెప్పలేదు. తెల్లవాళ్ళు సిడ్నీలో దిగాక పాతికేళ్ళపాటు ఈ కొండలు దాటలేకపోయారు. లోయలు పట్టుకుని వెళ్ళడం, నిలువు కొండగోడ తగలడం, వెనక్కి రావడం. 1813లో బ్లాక్స్‌లాండ్, లాసన్, వెంట్‌వర్త్ అనే ముగ్గురు కొండ వెన్ను మీదుగా నడిచి బయటపడ్డారు. (అక్కడి ఆదివాసులైన దరుగ్, గుండుంగుర్ర ప్రజలకి ఆ దారులు వేల ఏళ్ళుగా తెలుసు. తెలిసినవాళ్ళని అడగకపోవడం మా సంఘం ఒక్కదాని ఆచారమే కాదన్నమాట.) తర్వాత రోడ్డూ, 1860లలో రైలూ ఆ వెన్నునే పట్టుకున్నాయి. అందుకే ఇక్కడ స్టేషన్లు పైన ఉంటాయి, వాగులు కింద ఉంటాయి. లోయలోకి దిగితే చిక్కే అని రెండు వందల ఏళ్ళ క్రితమే తేలిపోయిన విషయాన్ని మేం ఒక ఆదివారం పులిహోరతో మళ్ళీ పరీక్షించాం.

తిరుమల నడకదారిలో ఎక్కుడు ముందే ఉంటుంది. చేతకానివాడు గాలిగోపురం దగ్గరే ఆగి ఆలోచించుకోవచ్చు. ఇక్కడ అంతా తలకిందులు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపూ దిగుడే. "అబ్బే, చాలా ఈజీ అండీ" అని అందరూ ఒకరికొకరు చెప్పుకుంటారు. మోకాళ్ళ పర్వతం మాత్రం చిట్టచివర ఉంటుంది. అదెక్కాక పైన వెంకన్న ఉండడు, టికెట్టు మిషన్ ఉంటుంది.

ఇక ఉసిరి మొక్క దగ్గరికి వద్దాం. అసలు నేను కలం పట్టిందే దాని కోసం.

కార్తీక వనభోజనం ఉసిరి చెట్టు నీడన చేయాలి. బ్లూ మౌంటైన్స్‌లో యూకలిప్టస్‌కి కొదవ లేదు. వాగుల పక్కన కోచ్‌వుడ్, ససాఫ్రాస్, మనిషెత్తు ఫెర్న్ చెట్లు ఉన్నాయి. ఉసిరి లేదు. అంచేత కార్యవర్గం తీర్మానం చేసి ఉసిరిని వెంట తీసుకొచ్చింది. సిమెంటు కుండీ, రెండడుగుల మొక్క, ఇరవై ఏడు ఆకులు. నేను లెక్కపెట్టాను. దారిలో నాకు వేరే పని లేదు, నా వంతు మోస్తున్నది అదే.

ఫాల్కన్‌బ్రిడ్జ్ స్టేషన్ దగ్గర ఒక పార్కు ఉంది. ఆస్ట్రేలియా ప్రధానులు ఒక్కొక్కరి పేరా ఒక్కో ఓక్ చెట్టు నాటిన పార్కు. ఆ బోర్డు అధ్యక్షులవారికి చూపించడం నా తప్పే. ఆయన బోర్డు వంకా కుండీ వంకా మార్చి మార్చి చూశారు. వచ్చే ఏడాది సంఘం ఎన్నికల్లో ఎవరు గెలిచినా ఒక ఉసిరి ఖాయం.

విక్టరీ ట్రాక్ అని దిగాం. పేరు ఎవరు పెట్టారో గానీ విజయం ఎవరిదో నాకు సాయంత్రానికి తెలిసింది. రాతి మెట్లు, తడిసిన వేళ్ళు, పాకుడు. ససాఫ్రాస్ క్రీక్‌ని ఎన్ని చోట్ల దాటామో లెక్క తప్పింది. దాటిన ప్రతిచోటా అదే తంతు. ముందు ఇద్దరు యువకులు నీళ్ళ మధ్య బండ మీద నిలబడతారు. కుండీ చేతులు మారుతుంది. "జాగ్రత్త బాబూ, జాగ్రత్త!" అని అధ్యక్షులవారు ఒడ్డు నుంచి అరుస్తారు. కుండీ దాటాక చప్పట్లు. తర్వాత పులిహోర ట్రే. తర్వాత దద్దోజనం. తర్వాత బ్యానరు, అదీ తడవకూడదు, దాని మీద దాతల ఫొటోలున్నాయి. ఆ తర్వాత స్పీకరు. ఇవన్నీ క్షేమంగా అవతలికి చేరాక, అప్పుడు మనుషులు ఎవరికి వారు. డెబ్బై ఏళ్ళ మాస్టారొకాయన పట్టు పంచె మోకాళ్ళ పైకి లాక్కుని ఒంటరిగా దాటారు. ఆయనకెవరూ చెయ్యివ్వలేదు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది.

ఆ లోయలో లైర్‌బర్డ్ అనే పిట్ట ఉంటుంది. ఏ శబ్దం విన్నా అచ్చంగా అనుకరిస్తుంది, నేర్చింది పిల్లలకీ నేర్పుతుంది. గ్లెన్‌బ్రుక్ క్రీక్ ఒడ్డున పెర్చ్ పాండ్స్ దగ్గర, ఆ ఇరవై ఏడు ఆకుల నీడలో (ఆకులు అప్పటికి పంతొమ్మిది) మేం ముప్పై మందిమి భోంచేశాక, అధ్యక్షులవారు స్పీకరు పట్టుకుని ముప్పావుగంట మాట్లాడారు. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఆ లోయలోకి వెళ్ళి, పొదల్లోంచి "హలో, హలో, మైక్ టెస్టింగ్... వేదికనలంకరించిన పెద్దలకు" అని వినబడితే భయపడొద్దు. కొండదేవత కాదు. పాపం, పిట్ట.

ప్రసంగమయ్యాక కుండీలో దీపం పెట్టబోయారు. కార్తీకం గదా. 2013 అక్టోబరు 17న ఇదే స్ప్రింగ్‌వుడ్ పక్కన మంటలంటుకుని రెండు వందలకు దగ్గరగా ఇళ్ళు తగలబడిపోయాయి. అదీ మన కార్తీకం వచ్చే రుతువే. ఎండిన యూకలిప్టస్ ఆకుల మధ్య ఆవునెయ్యి దీపం! ఒక పిన్నిగారు లేచి ఉఫ్ అని ఊదేశారు. "అపచారం" అన్నారు కొందరు. ఆ రోజు మొత్తం మీద తెలివైన పని అదొక్కటే జరిగింది.

అప్పుడే ఏడేళ్ళ పిల్లాడొకడు "నాన్నా, నీళ్ళు" అన్నాడు.

నీళ్ళు లేవు. మనిషికొక అరలీటరు సీసా, అది కింద దిగేసరికే అయిపోయింది. మజ్జిగ ఉండేది, పులిహోర మీదకి అయిపోయింది. "పక్కనే వాగుంది కదండీ" అన్నారు అధ్యక్షులవారు. పైన రోడ్ల మీదా ఇళ్ళ మధ్యా పడిన వాన కడుక్కుంటూ వచ్చి కలిసేది ఆ వాగులోనే. ఆ నీళ్ళు చూడ్డానికి బావుంటాయి. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ఎటు వెళ్తున్నామో బయట ఎవరికైనా చెప్పారా అంటే లేదు. దారి పటం ఎవరి దగ్గరుంది అంటే మెసేజ్‌లో ఉందన్నారు. మెసేజ్ తెరుచుకోదు, సిగ్నల్ లేదు. వచ్చినవాళ్ళెందరు అంటే మాత్రం చాలా గర్వంగా చెప్పారు, కానీ రెండు రకాల అంకెలు చెప్పారు.

"ఏం కాదండీ. స్టేషన్ టు స్టేషన్ కదా."

ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, క్షమించండి. 2006 డిసెంబరులో ఇదే బ్లూ మౌంటైన్స్‌లో, మౌంట్ సాలిటరీ దగ్గర, పదిహేడేళ్ళ స్కూలు పిల్లాడు నీళ్ళు అయిపోయి, వెతుక్కుంటూ తోటివాళ్ళకంటే ముందుకెళ్ళి దారి తప్పాడు. వాడి ఫోనుకి సిగ్నల్ దొరికింది. ట్రిపుల్ జీరోకి, అంటే ఇక్కడి అత్యవసర నంబరు 000కి, పదే పదే ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు వీధి పేరు అడిగారు. అడవిలో ఉన్న పిల్లాణ్ణి వీధి పేరు అడిగారు! దాహంతో చచ్చిపోయాడు. 2009లో ఆ చావు మీద విచారణ జరిపిన కరోనర్ ఆ ఫోనెత్తినవాళ్ళని తప్పుబట్టారు. ఆ తర్వాత ఇక్కడ కొన్ని మారాయి. కొండల్లోకి వెళ్ళేవాళ్ళకి ఆపద వస్తే ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్ ఉచితంగా అరువిస్తారు. వెళ్ళే దారి ముందుగా నమోదు చేసి వెళ్ళమంటారు. రెండింటికీ పైసా ఖర్చు లేదు. దాతల ఫొటోలతో బ్యానరు వేయించడానికి వారం పట్టింది మాకు. బీకన్ తెచ్చుకోవడానికి ఎవరికీ తీరలేదు. 2024 జూలైలో క్వీన్స్‌లాండ్‌లోని మిల్లా మిల్లా జలపాతంలో మన ఆంధ్రా కుర్రాళ్ళిద్దరు పోయినప్పుడు ఇదే గ్రూపులో ఇవే దండాల బొమ్మలు పెట్టాం. దండం బొమ్మ పెట్టినంత తేలిగ్గా "ఈజీ వాక్" అని కొడతాం. ఏది ఈజీ? ఎవరికి ఈజీ? ఈ దేశంలో కాలిబాటలకి కష్టాన్ని బట్టి 1 నుంచి 5 దాకా గ్రేడ్లిచ్చి బోర్డులు పెట్టారు. ఆ బోర్డు ముందు నిలబడి ముప్పై మందిమీ సెల్ఫీ దిగాం. ఒక్కరం చదవలేదు. నాతో సహా.

తర్వాత ఏమైందంటే, ఎదురుగా ఒక ముసలి దంపతులు వస్తూ కనిపించారు. చేతికర్రలు, మోకాలి దాకా గుడ్డ పట్టీలు, వీపున పెద్ద సంచులు. పిల్లాడి మొహం చూసి, ఏమీ అడక్కుండా, రెండు లీటర్ల నీళ్ళు ఇచ్చేశారు. కుండీ వంక కాసేపు చూసి, దాని గురించి కూడా ఏమీ అడగలేదు. అంత సంస్కారం నేనెక్కడా చూడలేదు.

మాగ్డాలా క్రీక్ వెంట ఎక్కుడు గురించి రాయడానికేం లేదు, నాకు గుర్తున్నది నా చెప్పులే. మాస్టారు అందరికంటే ముందు పైకి చేరారు, పాదాల మీద రెండు జలగలతో. స్ప్రింగ్‌వుడ్ ప్లాట్‌ఫారం మీద బ్యానరు విప్పి ఫొటో తీసుకున్నాం. రైల్లో సీట్లు తక్కువ. కుండీకి కిటికీ పక్కన దొరికింది.

"దీన్ని మీరు చూసుకోండి సార్, వచ్చే కార్తీకానికి కావాలి. ఈసారి ఇంకో రెండు స్టేషన్లు అనుకుంటున్నాం" అన్నారు అధ్యక్షులవారు.

మొక్క ఇప్పుడు మా బాల్కనీలో ఉంది. పదకొండు ఆకులు. రోజూ నీళ్ళు పోస్తున్నాను. వచ్చే కార్తీకానికి అడుగుతారు. ఇవ్వను.